పీర్జాదిగూడ ఫీడర్ లెక్క

ఉప్పల్,
మార్చి.

ప్రియమైన అత్తమ్మకు,

విడాకుల తర్వాత మిమ్మల్ని ఏమని పిలవాలో తెలియక రాసిన కాగితాలు చింపేస్తూ కూర్చున్నాను. చివరికి పాత పిలుపే రాశాను. నచ్చకపోతే కొట్టేసుకోండి.

ఆఫీసు పని మీద రాస్తున్నాను. మా సీనియర్ ఉమామహేశ్వర్ గారు నా లెక్క చూసి, "నాకు గూడ సమజైతలేదు. ఛాయాదేవి మేడమ్‌ను అడుగు. అప్పట్ల కరెంటాఫీసుల నా పక్క సీటే. నాచారంల ఉంటరు. ఫోన్ జెయ్యకు, ఉత్తరం రాయి" అన్నారు. అడ్రస్ అడిగితే మీ ఇంటిది చెప్పారు. నాలుగేళ్లు ఆ ఇంట్లో ఉన్నాను. మీరు ఉద్యోగం చేసి మానేశారని తెలుసు గానీ, నేను చేసే పనే మీరూ చేశారని తెలియదు.

సమస్య ఇది. పీర్జాదిగూడ వైపు వెళ్లే కరెంటు ఫీడర్ ఒకటి సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరి కొమ్మలు కొమ్మలుగా చీలిపోతుంది. దాని చివర కొత్త అపార్ట్‌మెంట్ టవర్లు వస్తున్నాయి. వాటికి ఈ లైన్ సరిపోతుందా అన్నది బిల్డర్ తరఫున మేం తేల్చాలి. ప్రోగ్రామ్ ప్రతి చోటా ఓల్టేజీ ఎంతో ముందు ఊహించి, లెక్క వేసి, సరిదిద్దుకుంటూ తిరుగుతుంది. కొన్ని చుట్లకు అంకెలు ఒక చోట నిలబడాలి. నావి నిలబడడం లేదు, తిరిగేకొద్దీ ఇంకా దూరం పోతున్నాయి. మేనేజర్ శశిధర్ గారు రోజూ వచ్చి నా కుర్చీ వెనక నిలబడుతున్నారు. ఫీడర్ బొమ్మ, డేటా జత చేశాను.

ఇష్టం లేకపోతే జవాబు రాయకండి. నేనేమీ అనుకోను.

సుష్మ


నాచారం,
మార్చి.

ప్రియమైన సుష్మకు,

కవరు మీద నీ పేరు చూసి విప్పడానికి భయపడ్డాను. కోర్టు గొడవ మళ్లీ ఏదైనా వచ్చిందేమో అనుకున్నాను. లోపల ఫీడర్ బొమ్మ! భోజనాల బల్ల మీద పరుచుకుని అన్నం సంగతే మరిచిపోయాను.

ప్రోగ్రామ్‌ను తిట్టకు. ముందు లోడ్లన్నీ పదో వంతుకు తగ్గించి నడుపు. అప్పుడు అంకెలు నిలబడితే లైన్ల అమరిక సరైనదే, లోడ్‌ను అనుమానించాలి. అప్పుడూ నిలబడకపోతే తప్పు డేటాలోనే ఉంది. మీటర్లలో ఉన్న పొడవును ఎక్కడైనా కిలోమీటర్లని ఎక్కించారేమో చూడు. పక్క ఫీడర్‌తో కలిపే స్విచ్ కూడా చూడు. దాన్ని ఎప్పుడూ తెరిచే ఉంచుతారు, ఒక లైన్ పోయినప్పుడే మూస్తారు. డేటాలో మూసి ఉన్నట్టు రాశారా, కరెంటుకు రెండు దారులవుతాయి. నీ ప్రోగ్రామ్ ఒక్క దారి ఉన్న లైన్లకే రాసింది. ఇక అది తిరుగుతూనే ఉంటుంది.

ఏమైందో రాయి. పిలుపు కొట్టెయ్యలేదు.

ఆశీస్సులతో,
ఛాయాదేవి


ఉప్పల్,
ఏప్రిల్.

ప్రియమైన అత్తమ్మకు,

పదో వంతు లోడ్‌కు కూడా నిలబడలేదు. పొడవులన్నీ సరిగ్గానే ఉన్నాయి. స్విచ్ దగ్గర దొరికిపోయింది! బోడుప్పల్ వైపు లైన్‌తో కలిపే స్విచ్‌ను ఎవరో మూసి ఉన్నట్టు ఎక్కించారు. తెరిచి నడిపితే, ఇప్పుడున్న లోడ్ మొత్తానికి కొద్ది చుట్లలోనే అంకెలు నిలబడ్డాయి. నేను అరిచిన అరుపుకు ఆఫీసంతా తిరిగి చూసింది.

ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా లేదు. టవర్ల లోడ్ కలపగానే మళ్లీ మొదటికొచ్చింది. శశిధర్ గారు, "గంత లోడ్ ఎందుకు పెట్టినవ్? జర తగ్గించు, లెక్క కలుస్తది. బిల్డర్ రోజు ఫోన్ జేస్తుండు" అంటున్నారు. తగ్గిస్తే నిజంగానే కలుస్తుంది. ఏం చెయ్యమంటారు?

ఇంకో సంగతి. రాయకూడదనే అనుకున్నాను. ఇల్లు వదిలి వచ్చే ముందురోజు వంటింట్లో మిమ్మల్ని ఒక మాట అడిగాను. మీరు "ఊ" అన్నారు. నేనంటే మీకు గిట్టదని ఆ రోజు ఖాయం చేసుకున్నాను. నా మాట తీరు నచ్చలేదేమో అనుకునేదాన్ని. మరి గిట్టని మనిషి కోసం అన్నం మరిచిపోయి లెక్క చూస్తారా? నాకు అర్థం కావడం లేదు.

మీ
సుష్మ


నాచారం,
ఏప్రిల్.

ప్రియమైన సుష్మకు,

ఈసారి తప్పు డేటాలో లేదు, ప్రోగ్రామ్‌లోనూ లేదు. ఆ లైన్ అంత లోడ్ మోయలేదు. లేని జవాబును ప్రోగ్రామ్ ఎక్కడి నుంచి తెస్తుంది? టవర్ల లోడ్‌ను కొంచెం కొంచెంగా పెంచుతూ, ప్రతిసారీ చివరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఓల్టేజీ రాసుకో. మొదట నెమ్మదిగా తగ్గుతుంది, తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. ఇంకో పద్ధతిలోనూ నడిపి చూడు. అదీ అక్కడే ఆగితే ఇక సందేహం లేదు.

లోడ్ తగ్గించి రాయకు. మనం కాగితం మీద తగ్గిస్తే మే నెలలో జనం ఏసీలు ఆపుకోరు. ఓల్టేజీ పడిపోయి, ఇప్పటికే ఆ వీధుల్లో ఉన్నవాళ్ల మోటార్లు కాలిపోతాయి.

వంటింట్లో నన్నేం అడిగావు? ఉన్నది ఉన్నట్టు రాయి.

ఛాయాదేవి


ఉప్పల్,
మే.

ప్రియమైన అత్తమ్మకు,

రెండు పద్ధతులూ ఒకే చోట ఆగాయి. ఆ ఫలితాలు శశిధర్ గారి ముందు పెట్టాను. చాలాసేపు చూసి, "బిల్డర్ ఇగ మనకు పని ఇయ్యడు" అన్నారు. కాసేపటికి ఆయనే మళ్లీ పిలిచి, "కొత్త లైన్ ఏసేదాంక కనెక్షన్ ఇయ్యొద్దని రాయి. నేను గూడ సంతకం పెడ్త" అన్నారు. రిపోర్ట్ వెళ్లిపోయింది.

మీరు అడిగిన మాట. ఆ రోజు మీరు పొయ్యి వైపు తిరిగి ఉన్నారు. నేను తలుపు దగ్గర నిలబడి, "ఆయన పోతే పో అంటుండు. నేను ఇగ పోనా, అత్తమ్మా?" అన్నాను. మీరు వెనక్కి తిరగకుండానే "ఊ" అన్నారు. వద్దంటారేమోనని ఇంకాసేపు అక్కడే నిలబడ్డాను. మీరు తాలింపు వేసుకుంటూ ఉండిపోయారు.

ఇప్పుడు కోపమేమీ లేదు. అడిగారు కాబట్టి రాశాను.

మీ
సుష్మ


నాచారం,
జూన్.

ప్రియమైన సుష్మకు,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు ఇప్పటికి రాస్తున్నాను.

నువ్వు అడిగింది నాకు వినబడలేదమ్మా.

ఉద్యోగంలో ఉండగానే చెవులు పాడవడం మొదలైంది. మీటింగుల్లో ఒకటి అడిగితే ఇంకొకటి చెప్పేదాన్ని. అందరూ నవ్వుకోకముందే రాజీనామా ఇచ్చేశాను. పక్క సీటులో ఉండేవారు కనుక ఉమామహేశ్వర్ గారు కనిపెట్టారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పవన్‌ది పెద్ద గొంతు, అది వినబడేది. నీది మెత్తని గొంతు. నీ ముఖం చూస్తే సగం అర్థమయ్యేది, చూడకపోతే ఏమీ లేదు. ఎవరేం అడిగినా "ఊ" అనడం అలవాటు చేసుకున్నాను. ఆ రోజు నువ్వు వెనక ఉన్నావని తెలుసు. కంచాలు పెట్టనా అని అడిగావనుకున్నాను.

నాలుగేళ్లు ముందుగదిలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేదానివి. ఏం పని చేస్తున్నావని అడగాలని ఎంతగానో ఉండేది. అడిగితే నువ్వు చెప్పేది వినబడదని ఊరుకున్నాను. నాకు ఎంతో ఇష్టమైన పని నా ఇంట్లోనే జరుగుతుంటే నేను వంటింట్లో ఉండిపోయాను.

వినబడి ఉంటే వద్దనేదాన్ని. దాంతో మీ కాపురం బాగుపడేదని చెప్పను, పవన్ మారేవాడనీ చెప్పను. కానీ వద్దని, పొయ్యి ఆపేసి, నీ దగ్గర కూర్చునేదాన్ని. నువ్వు వెళ్లినా, నన్ను పట్టుకుని ఏడ్చి, భోంచేసి వెళ్లేదానివి. అలా ఒంటరిగా వెళ్లేదానివి కావు.

ఈ సంగతి నా నోటి నుంచే నీకు తెలియాలి. పవన్‌కు వచ్చే నెల పెళ్లి. అమ్మాయి పేరు ధనశ్రీ. నిన్ను పిలవలేను. ఇక ఈ ఇంటికి నీ ఉత్తరాలు రావడం ఆ పిల్లకు బాగుండదేమో. ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు, నువ్వే ఆలోచించు.

మొన్న ఆ అమ్మాయి ఇంటికి వచ్చింది. నేను కూరగాయలు తరుగుతుంటే వెనక నుంచి ఏదో అడిగింది. కత్తిపీట పక్కన పెట్టి, లేచి, ఆమె వైపు తిరిగాను. "నాకు సరిగ్గా వినబడదమ్మా. నా ఎదురుగా వచ్చి మాట్లాడు" అన్నాను.

చాలా చిన్న మాట, సుష్మా. నీకు చెప్పలేకపోయాను.

నీ
అత్తమ్మ