గుండీల డబ్బాలో ఆసుపత్రి కాగితం

చిన్నీ, నిన్ను లేపలేదు. పాలు కాచి మూత పెట్టాను. టీచరమ్మ పదింటికి గౌను కోసం వస్తుంది. చంక దగ్గర బిగుతుగా ఉందంటే ఒక కుట్టు విప్పు, లోపల బట్ట వదిలే ఉంచాను.

నేను ఆ రొమ్ము పరీక్షకే వెళ్తున్నాను. ఆసుపత్రి కాగితం పోయిందని నీతో అబద్ధం చెప్పి, గుండీల డబ్బాలో దాచాను. నిన్న నల్ల గుండీ కోసం వెతుకుతుంటే చేతికి తగిలింది. నువ్వు దాని మీద కొత్త తేదీ రాయించి, మళ్లీ అక్కడే పెట్టావు. ఒక్క మాటా అనలేదు. అనుంటే పోట్లాడి ఇంట్లోనే కూర్చునేదాన్ని.

పని తెమలట్లేదన్నది వంకే. రోజంతా ఆడవాళ్ల ఛాతీ కొలతలు తీస్తాను, ఎవరైనా ముడుచుకుంటే "నా దగ్గర సిగ్గేంటమ్మా" అని కసురుతాను. నా వంతు వచ్చేసరికి నేనే ముడుచుకున్నాను. పైగా, తెలియనంతకాలం ఏమీ లేనట్టే అనుకున్నాను.

నువ్వు కొట్టు వదిలి రావద్దు. నాకేం భయం లేదు.

అమ్మ

పదకొండింటికి పిలుస్తారట. టీచరమ్మను రేపు రమ్మను. కొట్టు మూసి వచ్చెయ్.