రెండో కుళాయి తెరిచినవాళ్లు

ఇంటి చదువుల కార్యాలయంలో ఈ కవరు ఎవరు చింపితే వారికి, ఒక ప్లంబరు నమస్కారాలు.

నేను బడి మెట్టెక్కలేదు. సిమెంటు బస్తాల మీది రాతలు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. తప్పులుంటే బస్తాలను అడగండి.

మా అక్క టైల్సు పరుస్తుంది, నేను పైపులు వేస్తాను. ఒక భవనం పూర్తయితే ఇంకో ఊరు. నాలుగు నెలలకోసారి మూట సర్దే పిల్లను ఏ బడీ చేర్చుకోదు. అందుకని మా మేనకోడలికి నేనే చదువు చెబుతున్నాను. దానికి తొమ్మిదేళ్లు, ఇంట్లో పిడుగు అంటాం. ఈ నెలాఖరుకి మీరిచ్చే స్థాయి పత్రం చేతికి రాకపోతే దాన్ని హాస్టల్లో వేస్తానని అక్క తేల్చి చెప్పింది. రేకు పెట్టె కూడా కొనేసింది. ఆ హాస్టలు రైల్లో ఒక పగలు, ఒక రాత్రి దూరం.

మూడో తరగతి పుస్తకాలు, ఉన్నవాటిలో చవక కట్ట పంపండి. మీ జాబితాలో చూపిన సామగ్రి పెట్టె వద్దు. భిన్నాలు నేర్పడానికి రంగు చక్రాలెందుకు? మా దగ్గర అరంగుళం పైపుంది, ముప్పావు పైపుంది. లెక్కపెట్టడానికి డబ్బాడు వాషర్లున్నాయి. పలకకి బదులు అక్క పనిలో మిగిలిన తెల్ల టైలు ఉంది. రాసి తుడిస్తే మళ్లీ కొత్తదే.

ఇట్లు,
ఇప్పటికి కోపం లేని ప్లంబరు

తా.క. మీ జాబితా అట్ట మీద పిల్లవాడు పెన్సిలు పట్టుకుని నవ్వుతున్నాడు గానీ కాగితం మీద ఏమీ రాయలేదు. "వాడికీ రాదేమో మామయ్యా" అంది పిడుగు.

---

ప్లంబరు గారికి, పాఠ్య సలహాదారు రాయునది.

మీరు కోరిన కట్ట పంపాము. జతగా స్థాయి పరీక్ష కాగితం ఒకటి ఉంది. చవక కట్టకు ఒకే ప్రతి ఇస్తాము. పేరు రాయనక్కర్లేదు, 417 అనే నమోదు సంఖ్య చాలు. నింపి పంపండి.

సామగ్రి పెట్టె లేకుండా పిల్లల్లో ఆసక్తి కలగదని మా అనుభవం. పునరాలోచించగలరు.

భవదీయురాలు,
సలహాదారు

తా.క. అట్ట మీది పిల్లవాడు మా డైరెక్టరు గారి అబ్బాయి. ఆ మాట ఇంకెక్కడా అనకండి.

---

సలహాదారు గారికి నమస్కారాలు.

కాగితం నింపి పంపుతున్నాను. పనికి వేళవుతోంది, ఎక్కువ రాయను. మీ పెట్టె గురించి పునరాలోచించాను. వద్దు.

ఇట్లు,
ప్లంబరు

తా.క. ఏడో లెక్క రాసినవాడు జన్మలో కుళాయి పట్టుకోలేదు. ఒక కుళాయి తొట్టిని నింపుతుంటే ఇంకోటి ఖాళీ చేస్తుందట. ఎవడు తెరిచాడండీ ఆ రెండోది?

---

ప్లంబరు గారికి.

417 కాగితం దిద్దాము. విచారంతో రాయవలసి వస్తోంది.

"నిన్న నువ్వు చేసిన పనులు రాయి" అన్న ప్రశ్నకు వచ్చిన జవాబు: "ఆరింటికి లేచాను. మూడో అంతస్తులో పగిలిన పైపు మార్చాను. మేస్త్రీ వంకలు పెడితే నీ కళ్లు కాకులెత్తుకుపోయాయా అన్నాను. సాయంత్రం గడ్డం గీసుకున్నాను."

"మీ కుటుంబం బొమ్మ గీయి" అంటే నాలుగంతస్తుల మురుగు గొట్టాల పటం వచ్చింది. తొట్టి లెక్కకు "రెండో కుళాయి తెరిచినవాణ్ణి ముందు పనిలోంచి తీసెయ్యాలి" అని రాసి ఉంది. దానికి సున్నా.

గడ్డం సంగతి ఊహాశక్తి అని సరిపెట్టుకున్నాము. కానీ తొమ్మిదేళ్ల పిల్ల చేత మూడో అంతస్తులో పైపులు మార్పిస్తున్నారా? పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. అంతవరకు పత్రం ఇవ్వలేము. ప్రస్తుతానికి 417 స్థాయి: ఒకటో తరగతి.

భవదీయురాలు,
సలహాదారు

తా.క. ఇరవై రెండేళ్లుగా ఆ లెక్క దిద్దుతున్నాను. రెండో కుళాయి ఎవరు తెరిచారని నాకు ఏనాడూ తట్టలేదు. ఇప్పుడు అన్నం తింటున్నా అదే ఆలోచన.

---

సలహాదారు గారికి.

పిడుగు గడ్డం గీసుకోదు. ఆ కాగితం నింపింది నేను.

మా పనిలో ఒక పద్ధతుంది. కొత్త పానా వస్తే ముందు మనం తిప్పి చూసి, చెయ్యి జారదని తెలిశాకే పిల్లల చేతికివ్వాలి. మీ పరీక్ష ఎలాంటిదో నేను తిప్పి చూశాను. మీరు పిసినారితనంతో ఒకటే కాగితం పంపారు గనక పిడుగు టైలు మీద రాసింది. నింపి పంపమన్నారు, నింపిన కాగితం పంపాను. ఎవరు నింపాలో మీరు రాశారా? మీ ఉత్తరం తీసి చూసుకోండి.

అక్క ఒకటో తరగతి అన్న మాట చదివింది. రేకు పెట్టె దించి బట్టలు మడతపెడుతోంది. తిట్టినా బాగుండేది. పిడుగు ఆ పెట్టె మీద కూర్చుని దిగనంటోంది.

ఇక వాదన లేదు. దాని జవాబులున్న టైలే పార్సిలు చేస్తున్నాను. చూసి చెప్పండి.

ఇట్లు,
పూర్తి కోపంలో ఉన్న ప్లంబరు

తా.క. తడి చెయ్యి తగలనివ్వకండి.

---

ప్లంబరు గారికి.

మీరు చెప్పింది నిజమే. నా ఉత్తరం నకలు తీసి చూశాను. "విద్యార్థి చేత" అన్న మాట అందులో లేదు. తప్పు నాది.

టైలు ఎనిమిది ముక్కలై చేరింది. మా బంట్రోతు ఒక పూటంతా కూర్చుని ముక్కలన్నీ జిగురుతో చక్కగా అతికించాడు. ఆ తర్వాత, చెప్పడానికి నోరు రావడం లేదు, మర్యాదగా ఉంటుందని తడిగుడ్డ పెట్టి తళతళలాడేలా తుడిచి నా బల్ల మీద పెట్టాడు.

కొత్త కాగితం పంపుతున్నాను. ఈసారి రెండు ప్రతులు. ఒకటి మీరు తిప్పి చూడటానికి. నెలాఖరుకి తొమ్మిది రోజులే ఉన్నాయి. పిల్ల బట్టలు మడత విప్పమని మీ అక్కగారికి నా మాటగా చెప్పండి.

మీ మేలుకోరే,
సలహాదారు

తా.క. ఆ టైలు మా చేతులు కడుక్కునే చోట కుళాయి కింద పెట్టాం. కుళాయి మూడేళ్లుగా కారుతోంది. అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయాం. మీకేమైనా తోస్తే రాయండి.

---

సలహాదారు అమ్మగారికి నమస్కారాలు.

పిడుగు రాసిన కాగితం జతపరిచాను. అది రాస్తున్నంతసేపు అక్క మా ఇద్దరి మధ్య కూర్చుంది. నేను దగ్గినా "నువ్వు బయటికి నడువు" అంది. ఏడో లెక్క దగ్గర పిల్ల ఆగితే నాకు కాలు నిలవలేదు. మీరు పంపిన రెండో ప్రతి నేను ముట్టుకోలేదు, నాకొచ్చిన ఒకటో తరగతి చాలు.

అక్క బట్టల మడతలు విప్పలేదు. పెట్టెకి తాళం మాత్రం వెయ్యలేదు. అంతవరకు మీ మాట పనిచేసింది.

మీ కుళాయికి పట్టింది రోగం కాదు, వాషరు అరిగింది. కవర్లో ఒకటి పెట్టాను. పిడుగు లెక్కలు చేసే డబ్బాలోది, దాన్ని అడిగే తీశాను. బంట్రోతు గారు పది నిమిషాల్లో బిగిస్తారు.

ఇట్లు,
గోళ్లు కొరుక్కుంటున్న ప్లంబరు

తా.క. కుళాయి విప్పేముందు పెద్ద వాల్వు కట్టెయ్యండి. ఇది మర్చిపోయినవాళ్లు మా పనిలో రెండు రకాలు. ఈతొచ్చినవాళ్లు, రానివాళ్లు.

---

ప్లంబరు గారికి ఆశీస్సులు.

ముందు పిడుగు సంగతి. మూడో తరగతి కాదు, ఐదో తరగతి స్థాయి. పత్రం జతచేశాను, ముద్ర నేనే గట్టిగా వేశాను. మీ అక్కగారికి చూపించండి. ఆ రేకు పెట్టెలో పుస్తకాలు పెట్టుకోవచ్చు.

ఇక మీ సంగతి. దిద్దిన కాగితాన్ని చింపే అధికారం మా కార్యాలయంలో ఎవరికీ లేదు. స్థాయి తేలాక దానికొక విద్యార్థి ఉండి తీరాలి. అందుకని పిడుగుకి 418 ఇచ్చి, 417 కింద మిమ్మల్ని చేర్చుకున్నాను. పుస్తకాలు వెనకే వస్తున్నాయి. ఇంట్లో చదువు చెప్పేవారి వివరాలు రాయాల్సిన చోట మీ మేనకోడల్ని రాశాను. హోంవర్కు ఎగ్గొడితే ఆవిడ నాకు ఉత్తరం రాస్తారు.

మీ శ్రేయోభిలాషి,
సలహాదారు

తా.క. బంట్రోతు సెలవులో ఉన్నాడని వాషరు నేనే బిగించాను. పెద్ద వాల్వు సంగతి సగం విప్పాక గుర్తొచ్చింది. నీళ్లు ఒకవైపు గదిని నింపుతుంటే, డైరెక్టరు గారు ప్యాంటు పైకి మడిచి ఇంకోవైపు బకెట్టుతో తోడిపోశారు. అచ్చం ఏడో లెక్కే. అలాంటిది జరుగుతుందని ఇప్పుడు మీరూ ఒప్పుకోవాలి, తెరిచేది నాలాంటివాళ్లేనని నేనూ ఒప్పుకున్నాను. అందుకని మీ సున్నా కొట్టేసి పూర్తి మార్కులు వేశాను. దాంతో మీరు రెండో తరగతికి వచ్చారు. పనిలోంచి తీసెయ్యాలన్న మీ జవాబు మాత్రం డైరెక్టరు గారికి చూపించలేదు.