గీత బయట ఎరుపు

2016 జూలై, మంగళవారం రాత్రి

ఒకటే వాన. సముద్రం ఒడ్డు ఊరి నుంచి బస్సులో విజయనగరం చేరేసరికి తడిసి ముద్దయ్యాను. వండుకోబుద్ధి కాలేదు.

ఆ ఊళ్ళో చేపలమ్మే నరసమ్మకి మెడనొప్పి. మాత్రలకు తగ్గకపోతే అక్కడి ఆసుపత్రి డాక్టరుగారు, బొమ్మలతో వైద్యం చేసే నా దగ్గరికి పంపారు. బొమ్మ వేయించి చూస్తాను, ముందు కాగితం మీద పడుకోమంటే నవ్వింది. "నొప్పి మెడకయితే కాయితం మీద తొంగోమంటావేటమ్మా?" అంటూనే, నేల మీద పరిచిన పెద్ద కాగితంపై పడుకుంది. ఆమె చుట్టూ పెన్సిల్‌తో గీత గీశాను. లేచాక, నొప్పి ఉన్నచోటల్లా రంగు వెయ్యమన్నాను.

మెడని వదిలేసింది. బొమ్మకి ఎడమ పక్కనున్న ఖాళీ అంతా ఎర్రగా నింపేసింది.

"గీత లోపల వెయ్యాలమ్మా," అన్నాను. మనిషిని మొత్తంగా చూడాలని ఊరంతా చెప్పే నేను ఆ మాట ఎలా అన్నానో!

"అది మా మావ తొంగునే పక్కమ్మా. సముద్రం మీద యాటకెల్లి మరి రాలేదు కదా. నిద్దట్లో కూడా అటు దొర్లను. రాత్రంతా ఇటే తిరిగుంటే మెడ పట్టెయ్యదేటి?"

ఎర్ర క్రేయాన్ అరిగిపోతే ఇంకోటి ఇచ్చాను.

ఇంటికొచ్చి నా మంచం చూసుకున్నాను. రవి విడాకులు తీసుకుని వెళ్ళిపోయాక, అతను పడుకునే పక్కన ఉతికిన బట్టలు, పుస్తకాలు పేరుస్తూ వచ్చాను. ఇల్లు చిన్నది కాబట్టే అనుకునేదాన్ని. ఇవాళ అన్నీ తీసి కుర్చీలో పడేశాను. అక్కడ దుప్పటి రంగు కూడా వెలవలేదు.

అటు చూడలేక ఇటే తిరిగి రాస్తున్నాను. మెడ పట్టేస్తోంది...