పడుగు కింద దూరకు

అత్తమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే నీ ఫొటోకు దండ వేసి దీపం పెట్టాను. కాసేపు కూర్చుని ఏడుద్దామంటే తీరిక దొరకలేదు. అప్పటికే బస్సు వచ్చేసింది.

గొంగడి ఎలా నేస్తారో చూడ్డానికి హైదరాబాద్ నుంచి మన మోతె దాకా జనం వస్తారంటే నువ్వు నమ్మేదానివి కాదు. మగ్గం చూసి, ఉన్ని వడికి, మన చేలో కూర్చుని జొన్నరొట్టె తిని పోతారట. ఇవాళ్టిది మొదటి బస్సు. "జర మంచిగ మాట్లాడు, వాళ్లు మల్ల రావాలె" అని నీ కొడుకు నాకు పదిసార్లు చెప్పాడు.

బజారు పొడవునా పడుగు సాగదీసి, ఉన్ని దారాలకు చింతగింజల గంజి పట్టిస్తున్నాం. ఒకావిడ ఫొటో కోసం దాని కింద నుంచి దూరబోయింది. నా నోరు ఆగలేదు.

"ఏయ్! పడుగు కింద దూరకు! సుట్టు తిరిగి రా!"

నీ కొడుకు తల పట్టుకున్నాడు. కాపురానికొచ్చిన మూడోరోజు నువ్వు నన్ను కసిరిన మాటలే అవి. ఆ కోపం నాలో ఏళ్ల తరబడి ఉండింది.

ఆవిడ మాత్రం వెనక్కి నడిచి, చుట్టూ తిరిగి వచ్చి, ఎందుకని అడిగింది.

"తల తగిలితే తడి దారాలన్నీ అంటుకుంటయమ్మా. మా అత్త నేర్పింది" అన్నాను.

మిగతావాళ్లంతా ఆమె వెనకే చుట్టూ తిరిగి వచ్చారు. పోయేటప్పుడు ఆవిడ, వచ్చే నెల వాళ్లమ్మను కూడా తీసుకొస్తానంది. ఆ రోజు తిట్టినందుకు నీకు దండం పెట్టాలనిపించింది.

సాయంత్రం పడుగు తీసేశాం. ఖాళీ బజారులో కూడా నేను చుట్టూ తిరిగే ఇంటికొచ్చాను.

నీ కోడలు