రెండో తలుపు

వెండెల్ బాబాయ్,

పోలీసు డ్యూటీలో ఒంటరిగా ఏదైనా బండి ఆపాల్సి వస్తే, మన కారు తలుపులు రెండూ తీసి గట్టిగా వెయ్యమని నువ్వే నేర్పావు. అవతలివాడు ఇద్దరు దిగారనుకుంటాడన్నావు. సిటీ ఖజానాలో డబ్బుల్లేవని నా జోడీ ఒర్టిజ్‌ని జీతం లేని సెలవు మీద పంపేశారు. ఇప్పుడు కారుకి ఒక్కరమే.

నిన్న రేవు రోడ్డులో ఒక వ్యాను ఆపి అలాగే చేశాను. డ్రైవరు వెనక్కి తిరగకుండానే నవ్వాడు.

"రెండో తలుపు దేనికి సార్? మీరిప్పుడు ఒక్కొక్కరేనని టీవీలో చెప్పారుగా."

లైసెన్సు మర్యాదగానే ఇచ్చాడు. అందుకుంటూ, అలవాటుగా ఒర్టిజ్ నిలబడే వైపు చూశాను. అది వాడు చూశాడు.

ఇంకేదైనా ఉపాయం ఉంటే రాయి. మా ఆవిడ రోషెల్ ఫోన్ చేసి అడిగితే మాత్రం, ఒర్టిజ్ నా పక్కనే ఉంటున్నాడని చెప్పు. నేనూ అలాగే చెప్పాను.