తిరిగి రాని ఆముదం ముంత

మర్రిగూడ,
10-2-1963

శ్రీయుత రఘుపతి బావగారికి, మర్రిగూడ జానయ్య చేతులు జోడించి రాయునది. మేమంతా బాగున్నాం. ఆముదపు చేను పని ముగించి ఇప్పుడే కాస్త నడుము వాల్చాను. మీరు, చిరంజీవి పుష్పమ్మ కులాసా అని తలుస్తాను.

పోయిన ఆదివారం మీ ఇంట్లో పెళ్లిచూపులు చూసుకుని వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో వేరే మాట లేదు. మా లింగస్వామికి ఇది నాలుగో సంబంధం. ముందు మూడూ తప్పిపోయాయి. మీది కూడా తప్పితే ఇక పెళ్లి మాట ఎత్తవద్దని వాడు తెగేసి చెప్పాడు. ఇరవై ఎనిమిదేళ్ల వాడు, ఒక్కగానొక్క కొడుకు, బస్సు కండక్టరు. దాచడమెందుకు, మీ అమ్మాయి మా ఇద్దరికీ చాలా నచ్చింది.

అందుకే ఈ ఉత్తరంతో పాటు బస్సు డ్రైవరు చేతికి ఒక ముంత ఇచ్చి పంపుతున్నాను. అందులో ఉన్నది మా చేలో పండిన ఈ ఏటి తొలి ఆముదం. మిల్లు సరుకు కాదు. మా ఇంటావిడ సోమమ్మ గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి, మళ్లీ కాచి వడగట్టింది. మనసు కుదిరిన పిల్లకు తొలి ముంత పంపడం మా ఇంటి రివాజు. ఆ ఇంట్లో నూనె వాడుకున్నారంటే సంబంధం ఖాయమైనట్టే. వద్దనుకుంటే ముంతను నిండుగా వాపసు చేయాలి. మీరు వాపసు చేయరని మా నమ్మకం.

ఇట్లు,
మీకు కాబోయే బావ
జానయ్య

తా.క.: సోమమ్మ పక్కన కూర్చుని చెబుతోంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. “పిల్లకు చెప్పుండ్రి, జర గోరువెచ్చగ చేసి మాడుకు రుద్దాలె. వెంట్రుకలు ఒత్తుగ వస్తయి. దీపంల గిట్ల పోసిండ్రంటే నేనూకోను.”

*

నకిరేకల్,
14-2-1963

శ్రీ జానయ్య గారికి, కచేరీలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసి మచ్చ లేకుండా పించను పుచ్చుకుంటున్న రఘుపతి నమస్కరించి తెలియజేయునది.

మీ ఉత్తరమూ ముంతా అందాయి. నా మొదటి అభ్యంతరం: నన్ను బావగారని రాశారు. ఆ వరుస ఇంకా ఖాయం కాలేదు. రెండో అభ్యంతరం పెద్దది. వెంట్రుకలు ఒత్తుగా వస్తాయని రాయించారు. అంటే ఇప్పుడు పలచగా ఉన్నాయనే కదా? పెళ్లిచూపుల నాడు మీ ఇంటావిడ మా అమ్మాయి జడను మొదలు నుంచి కొస దాకా రెండుసార్లు తడిమారు. సవరం పెట్టామేమోనని పరీక్షిస్తున్నారని నాకు అప్పుడే అనుమానం తగిలింది. తల్లి లేని పిల్లను నేనే జడలు వేసి పెంచాను. ఇప్పుడు నార్కట్‌పల్లి బడిలో పంతులమ్మ. దాని జడను అనుమానిస్తే నన్ను అనుమానించినట్టే.

కాబట్టి పంచనామా చేయించాను. నకలు ఇది:

“పక్కింటి గోపమ్మ సమక్షమున పుష్పమ్మ జడ విప్పించి, దువ్వించి కొలవగా రెండు మూరల జానెడు వచ్చినది. గుంజి చూడగా ఏదియు ఊడి రాలేదు. పుష్పమ్మ అరిచినది. సవరము లేదు. పేలు లేవు. గోపమ్మ వేలిముద్ర.”

ముంతను రేపటి బస్సుకు వాపసు చేస్తున్నాను.

ఇట్లు,
రఘుపతి

తా.క.: ముంత మూతికి కట్టిన గుడ్డ విప్పినట్టు కనిపిస్తే వేరేగా అనుకోవద్దు. వాసన చూడటానికి మాత్రమే విప్పాం.

*

మర్రిగూడ,
22-2-1963

గౌరవనీయులు రఘుపతి గారికి జానయ్య దండాలు. బావగారని రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. మనసులో మాత్రం అనుకుంటున్నాను.

మీ పంచనామా చూసి మా ఊరంతా ముచ్చటపడింది. పిల్ల జడను సాక్షి సమేతంగా కొలిచి పంపడం మీ వైపు మర్యాద కాబోలు, మాకు తెలియదు. మా గడప ముందు నలుగురికీ చదివి వినిపించాను. మీరు ఇంత పద్ధతిగా ఉంటే మేము ఊరికే ఉంటే బాగుండదని పోలీస్ పటేల్ మారయ్యను పిలిపించి మా వాడికీ పంచనామా చేయించాను. చిత్తగించండి:

“లింగస్వామి ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. పళ్లు ముప్పై రెండు. మా ఊరి నీళ్లకు పసుపు చారలు పడినవి, అయినా గట్టివి. కుడి భుజమున టీకా మచ్చలు రెండు. ఆముదాల బస్తాను ఎత్తమనగా ఎత్తినాడు. దించమనగా మారయ్య కాలి మీద దించినాడు. ఎడమ కాలి బొటనవేలు కొంచెము పక్కకు తిరిగినది. ఇది లింగస్వామి వేలు, మారయ్యది కాదు. మారయ్య సంతకం.”

మీ ముంత వస్తుందేమోనని అయిదు రోజులు బస్సు దగ్గరికి వెళ్లి చూశాను. రాలేదు. రాలేదంటే సంబంధం ఒప్పుకున్నట్టే కదా! ఆ సంతోషంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. మంచి రోజు చూసి కబురు పెట్టండి.

ఇట్లు,
(మనసులో మీ బావ) జానయ్య

తా.క.: సోమమ్మ మాట: “సవరం కోసం తడుముడేంది అన్నా? నాకు ఆడపిల్ల లేదు. గసుంటి జడ చేతుల పట్టుకుంటే ఇడువబుద్ధి కాలే. గంతే. గుంజి చూసిండ్రంట గద, పిల్లకు నొప్పి తగ్గిందా?”

*

నకిరేకల్,
27-2-1963

శ్రీ జానయ్య గారికి రఘుపతి నమస్కారాలు.

మీ ఇంటావిడ మాటలు చదివాను. జడ సంగతి ఇంతటితో వదిలేస్తున్నాను. నొప్పి తగ్గింది.

కాని నేను ముప్పై ఏళ్లు కాగితాలు చదివిన వాణ్ణి. మీరు పంపిన పంచనామాలో భుజం ఉంది, పళ్లు ఉన్నాయి, కాలి బొటనవేలు కూడా ఉంది. నెత్తి ఊసే లేదు. ఇప్పుడు ఆలోచిస్తే, పెళ్లిచూపుల నాడు మీ అబ్బాయి కండక్టరు టోపీ తీయలేదు. ఉద్యోగం మీద గౌరవం అనుకున్నాను. భోజనానికి కూర్చున్నప్పుడూ తీయలేదు. సాంబారు వేడికి చెమటలు కారుతుంటే టోపీ పైనుంచే తుడుచుకున్నాడు. టోపీ కింద ఏముందో వారం లోగా లిఖితపూర్వకంగా తెలియజేయగలరు.

ముంత రాలేదు కనుక ఒప్పుకున్నట్టేనని రాశారు. అది మీ పొరపాటు. బస్సులో జనం కిక్కిరిసి ఉండటం వల్ల పంపలేదు, అంతే. తప్పక పంపుతాను.

ఇట్లు,
రఘుపతి

తా.క.: ముంత చేరాక నూనె కొంచెం తగ్గినట్టు అనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. ఇక్కడ ఎండలు ముదిరాయి. ఆవిరై ఉంటుంది.

*

మర్రిగూడ,
6-3-1963

రఘుపతి గారికి జానయ్య రాయునది. ఈసారి క్షేమ సమాచారాలు అడిగే ఓపిక లేదు, మన్నించండి.

టోపీ కింద నెత్తి ఉంది. నెత్తి మీద వెంట్రుకలు లేవు. చెవుల మీద కాసిని ఉన్నాయి. మా నాయినకు ఇరవై అయిదేళ్లకే పోయాయి, నాకూ పోయాయి, వాడికీ పోయాయి. మూడు తరాలుగా ఆముదం పండిస్తూ మా ఇంట్లో ఎవరూ దాన్ని నెత్తికి పెట్టుకున్న పాపాన పోలేదు. పండింది పండినట్టు అమ్ముకోవడమే. మొదటి మూడు సంబంధాలూ ఈ ఒక్క కారణానికే తప్పాయి. ఒక చోట పిల్ల నవ్వింది. ఒక చోట పిల్ల మేనమామ నవ్వాడు. మూడో చోట వీధిలో వాళ్లు కూడా నవ్వారు.

మీ ఇంటికి వచ్చే ముందు వాడు, “బాపూ, నెత్తి సూపెట్టి పోదాం, వద్దంటె వద్దంటరు” అన్నాడు. నేనే బలవంతంగా టోపీ పెట్టించాను. తప్పు నాది, వాడిది కాదు. ఈ ఉత్తరం రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది. వాడి ముఖం చూస్తే ఇంకా ఎక్కువ బాధగా ఉంది.

ఇక మీ ఇష్టం. ముంత వాపసు చేయడానికి బస్సులో చోటు లేదన్నారు. మా వాడి బస్సు రోజూ పొద్దున నకిరేకల్ స్టాండులో పావు గంట ఆగుతుంది. వాడి చేతికే ఇవ్వండి. కోపం తెచ్చుకోడు.

ఇట్లు,
జానయ్య

తా.క.: సోమమ్మ: “ఆముదం ఆవిరైతదని ముప్పై ఏండ్ల సంది వండుతున్న నేను ఇయ్యాలనే విన్న. మీ ఇంటి ఎండ జర మాకు కూడ పంపుండ్రి అన్నా, వడియాలు పెట్టుకుంట.”

*

(కార్డు)
నకిరేకల్,
11-3-1963

శ్రీ జానయ్య గారికి.

విషయాన్ని దాచిపెట్టినందున ఈ సంబంధం నాకు సమ్మతం కాదు. ముంతను పంపుదామని తీయగా పిల్లి దూకి పగిలిపోయింది. బజారులో కొత్త ముంత కొని, ఆముదం కొని నింపి పంపుతాను. దీని మీద ఇక ఉత్తర ప్రత్యుత్తరాలు అవసరం లేదు.

రఘుపతి

తా.క.: మీ ఇంటావిడ ఆముదం వండేటప్పుడు గింజను ఎంతసేపు వేయిస్తారు, ఎన్ని నీళ్లు పోస్తారు, ఒక కాగితం మీద వివరంగా రాసి పంపగలరు. ఊరికే తెలుసుకోవడానికి.

*

నకిరేకల్,
17-3-1963

మామగారికి, అత్తమ్మకు పుష్పమ్మ నమస్కరించి రాసుకునే ఉత్తరం. ఇలా పిలుస్తున్నందుకు మీరు అభ్యంతరం చెప్పరని తెలుసు. అభ్యంతరాలన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి.

ముందుగా పిల్లి సంగతి. మా ఇంట్లో పిల్లి లేదు. ముంత పగల్లేదు, దేవుడి గూటి పక్కనే ఉంది. అందులో నూనె లేదు. నేను నాలుగుసార్లు పెట్టుకున్నాను. మిగతాదంతా మా నాయిన నెత్తికే పట్టింది.

మా నాయిన నెత్తికి రుమాలు చుట్టుకోకుండా గడప దాటరు. ఎందుకో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది. మా ఇంట్లో ఆ మాట ఎత్తకూడదు. పక్కింటి గోపమ్మకు కూడా తెలియదు. ముంత వచ్చిన మర్నాడు, మంచిదో కాదో పరీక్షిస్తానని ఒక చెంచా పెట్టుకున్నారు. ఆ మర్నాడు ఇంకో చెంచా. తర్వాత నన్ను పిలిచి రుద్దమన్నారు. మీ ఉత్తరాలకు జవాబులన్నీ ఆయన నెత్తి నుంచి ఆముదం కారుతుండగానే రాశారు. కార్డు మీద మరక చూసే ఉంటారు. మొలకలు వస్తున్నాయని రోజూ అద్దం ముందు నిలబడుతున్నారు. నాకైతే ఒక్కటీ కనిపించలేదు. కాని ఎన్నాళ్లుగానో ఉన్న తలనొప్పి తగ్గిందంటున్నారు, కోపం సగానికి దిగింది. అది చాలు నాకు.

మొన్న కార్డు పోస్టులో వేసి వచ్చాక అడిగేశాను. “నాయినా, ఆయన టోపీ తీస్తే సంబంధం వద్దయింది. నీ రుమాలు తీస్తే ఏమవ్వాలి?” మీ ఉత్తరం తీసి, మీ అబ్బాయి అన్న మాట దగ్గర మళ్లీ చదివారు. తర్వాత రుమాలు విప్పి చేతిలో పెట్టుకుని, “బిడ్డా, గా పిలగాడు నా కన్న ధైర్యం గలోడు. నేను ఇరవై ఏండ్ల సంది దాస్తనే ఉన్న. వాండ్ల మొకం ఎట్ల సూడాలె?” అన్నారు. కళ్లలో నీళ్లు పెట్టుకున్నారు. ఆయన్ను అలా చూడటం నాకు అదే మొదలు. అందుకే ఈ ఉత్తరం నన్ను రాయమన్నారు.

ఇక నా సంగతి. ఇది మా నాయినకు కూడా నిన్ననే చెప్పాను. నేను బడికి వెళ్లేది మీ అబ్బాయి బస్సులోనే. మీరు పెళ్లిచూపులకు రావడానికి రెండు నెలల ముందు, నార్కట్‌పల్లి మలుపు దగ్గర గాలికి ఆయన టోపీ కిటికీలోంచి ఎగిరిపోయింది. బస్సంతా నవ్వింది. ఆయన నెత్తి తడుముకుని, “టోపీ టికెట్ తీసుకోలే, అందుకే దిగిపోయింది” అన్నారు. నేనూ నవ్వాను, కాని ఆ నవ్వు వేరు. తర్వాత పెళ్లిళ్ల పేరయ్య ఆయన పేరు చెప్పినప్పుడు వెంటనే ఒప్పుకున్నాను. కాబట్టి మామగారూ, మీరు దాచింది నేను ముందే చూశాను. చూసే ఒప్పుకున్నాను. మా ఇంట్లో పెళ్లిచూపుల నాడు టోపీ పెట్టించినందుకు మీరు పడ్డ సిగ్గంతా ఉత్త దండగ.

నూనె అంతా వాడేసుకున్నాం కనుక మీ ఇంటి రివాజు ప్రకారం సంబంధం ఖాయమైపోయింది. వైశాఖంలో ముహూర్తం పెట్టించమని నాయిన అంటున్నారు. మీరిద్దరూ వచ్చే ఆదివారం బయల్దేరి రండి. నాయిన రుమాలు లేకుండా స్టాండుకు వచ్చి నిలబడతానని మాట ఇచ్చారు. గుర్తు పట్టకపోతే ఎండలో బాగా మెరిసే మనిషి కోసం చూడండి.

ఇట్లు,
మీ కోడలు
పుష్పమ్మ

తా.క.: అత్తమ్మా, ఈ సంగతి మీ అబ్బాయికి మీరు చెప్పకండి. ముంత వాపసు తీసుకోవాల్సి వస్తుందని నెల రోజులుగా మా స్టాండులో నా వైపు చూడకుండా టికెట్ చింపి ఇస్తున్నారు. రేపు సోమవారం బస్సెక్కాక నేనే చెబుతాను. ఆ ముఖం ఎట్లా మారుతుందో దగ్గర నుంచి చూడాలని ఉంది.