ఆవు పాలు అని రాసిన పేజీ

మంగళవారం, తిరుపతి

ఇంటర్నెట్‌లో పేజీలు చదివి కంప్యూటర్ నేర్చుకున్న సంగతులు సరో తప్పో చూడటమే కదా నా ఉద్యోగం. ఈ రోజు ఆ కంప్యూటర్‌కు కలంకారీ దొరికింది. గుడ్డను కరక్కాయ రసం కలిపిన ఆవు పాలలో నానబెడతారట! శ్రీకాళహస్తిలో నాయన నా చేతా అక్క చేతా ఏళ్ల తరబడి నానబెట్టించింది గేదె పాలలో. ఎండలో ఆ గుడ్డల వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది.

'తప్పు' అని పెడితే మా ఆఫీసరు తిప్పి పంపాడు.

"నీకు తెలిసింది వద్దమ్మా. పేజీలో ఆవు పాలు అనే ఉండాది, అది సూడు."

ఒళ్లు మండింది. బయటికొచ్చి అక్కకు ఫోన్ చేశాను. నాయన పోయినప్పుడు గొడవపడ్డాక, మూడేళ్లకు.

"అక్కా, గుడ్డకు ఏ పాలు పోస్తా ఉంటిమి?"

"ఎనుము పాలే. నీకు తెలీదా?" అంది. "ఇది అడిగేదానికేనా చేసినావు?"

"ఊఁ, దీనికే" అన్నాను.

పెట్టేసింది.

లోపలికెళ్లి ఆవు పాలకు 'సరి' అని నొక్కాను. ఈ రోజుకు అది నా రెండో అబద్ధం. మొదటిదాన్ని అక్క నమ్మేసినట్టే ఉంది.